చీటీ చేతిలో, టిక్కీ కోల్డ్ స్టోరేజీలో

కుటుంబములకు కొన్ని మాటలు



ఈ నెల మన శీర్షికలో కంప్యూటరులో తెరుచుకొనని కాగితముల గురించి వ్రాయుచున్నాము. "పత్తి, మిరప పండించుకొనే మాకు ఇది ఎందుకండీ" అని పుట తిప్పివేయకుడి. ఇప్పుడు మన కుటుంబములలో కంప్యూటరు లేకపోయినా ఫోను ఉన్నది. పిల్ల మార్కుల లిస్టు, కుల ధృవీకరణ పత్రము, పొలము కాగితము, పెళ్లి ఫోటోలు, చనిపోయిన తాతగారి చివరి ఫోటో, అన్నీ అందులోనుండి "క్లౌడ్"లోనికి వెళ్లి కూర్చుంటున్నవి. ఉన్నవి కదా అని నిశ్చింతగా ఉంటాము. తీరా అవసరమైన దినమున నొక్కితే తెరుచుకొనదు.

మేము ఎరిగిన ఒక కుటుంబములో ఇట్లే జరిగినది. కూలి చేసి చదివించిన కూతురు కాలేజీలో సీటు కొరకు కాగితములు పెట్టవలసిన ఆఖరు దినము. నెట్ సెంటరులో కూర్చొని నొక్కితే కంప్యూటరు మీద పేరు కనబడుచున్నది గాని కాగితము రావడము లేదు. తల్లి మా యొద్దకు ఫోను చేసి, "అయ్యగారూ, పేరు కనబడుతుంది, కాగితం కనబడటం లేదు. మా పిల్ల చదువు పోయినట్టేనా?" అని ఏడ్చినది. "తొందరపడి ఏదీ తుడిచివేయవద్దమ్మా, కాగితము ఎక్కడికీ పోలేదు" అని చెప్పి, పిల్లతో మాట్లాడి ఒక్కొక్కటిగా చూడమన్నాము. పావు గంటలో కాగితము దొరికినది. పిల్ల తన రెండు జీమెయిలు ఖాతాలలో ఒకదానిలో దాచి, మరియొకదానిలో వెదకుచున్నది. అంతే. కాని ఆ పావు గంట ఆ తల్లి పడిన వేదన చూచిన తరువాత, ఈ సంగతి అందరికీ విడమరచి చెప్పవలెనని అనుకొన్నాము.

క్లౌడ్ అనగా ఏమి?

క్లౌడ్ అనగా మబ్బు. కాని మన కాగితములు మబ్బులో ఉండవు. అవి వేల కొలది కంప్యూటర్లు పెట్టిన పెద్ద భవనములలో ఉంటవి. అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదులో అట్టి కేంద్రములను ప్రారంభించారు. గూగుల్ వారు విశాఖపట్నములో ఒక పెద్ద కేంద్రము కట్టుటకు 1500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టెదమని 2025 అక్టోబరులో ప్రకటించారు.

మన గుంటూరు జిల్లా వారికి దీనిని అర్థము చేసికొనుట కష్టము కాదు. మిర్చికి ధర లేనప్పుడు మనమేమి చేయుదుము? టిక్కీలు కట్టి కోల్డ్ స్టోరేజీలో పెట్టుదుము. చేతికి ఒక చీటీ ఇచ్చెదరు. ఆ చీటీని బీరువాలో దాచుకొని "నా సరుకు నా యొద్ద ఉన్నది" అనుకొందుము. నిజమునకు బీరువాలో ఉన్నది చీటీయే, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉన్నది. సరుకు కావలెనంటే చీటీ పట్టుకొని అక్కడికి వెళ్లవలెను, దారి ఉండవలెను, తలుపు తెరిచి ఉండవలెను, చీటీ మన పేరున ఉండవలెను, అద్దె కట్టి ఉండవలెను. క్లౌడ్ స్టోరేజీ కూడ సరిగా ఇట్టిదే. కాగితము తెరుచుకొననప్పుడు ఈ ప్రశ్నలే ఒక్కొక్కటిగా అడిగి చూడవలెను.

1. మన యొద్ద ఉన్నది చీటీయా, సరుకా?

కంప్యూటరులో స్థలము మిగుల్చుటకు ఈ కంపెనీలవారు ఒక ఏర్పాటు చేసియున్నారు. ఫైలు పేరు, బొమ్మ మాత్రము కంప్యూటరులో చూపించి, అసలు ఫైలును తమ యొద్దనే ఉంచుదురు. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్‌లో 2017 నుండి ఈ పద్ధతి ఉన్నది. ఫైలు ప్రక్కన నీలి రంగు మబ్బు గుర్తు ఉన్నయెడల అది చీటీ మాత్రమే. తెల్లని వృత్తములో పచ్చని టిక్కు ఉన్నయెడల సరుకు ప్రస్తుతము కంప్యూటరులో ఉన్నది గాని, స్థలము చాలనప్పుడు అది తిరిగి చీటీగా మారవచ్చును. నిండు పచ్చ రంగు వృత్తములో తెల్లని టిక్కు ఉన్నయెడల సరుకు ఎల్లప్పుడును మన యొద్దనే ఉండును.

చీటీ మాత్రమే ఉండి, ఇంటర్నెట్ లేనియెడల ఎన్నిసార్లు నొక్కినా ఫైలు రాదు. ఊరిలో సిగ్నలు ఒక గీత మీద నిలిచినప్పుడు జరిగేది ఇదే. ఫైలు చెడిపోయినదని భయపడవద్దు. సిగ్నలు బాగుగా ఉన్న చోట, ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" అను మాటను ఎన్నుకొనవలెను. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటరులో పెట్టుకొన్నవారు అట్లే కుడి మీట నొక్కి "అవైలబుల్ ఆఫ్‌లైన్" అనుదానిని ఎన్నుకొనవలెను. ఇంటర్వ్యూకు గాని ఆఫీసుకు గాని బయలుదేరు ముందు రాత్రియే ఈ పని చేయవలెను. బస్సు ఎక్కిన తరువాత కాదు.

2. సరుకు అసలు కోల్డ్ స్టోరేజీకి చేరినదా?

ట్రాక్టరు దారిలో ఆగిపోయినయెడల చీటీ ఉండి ఏమి లాభము? ఫోనులో తీసిన ఫోటో పైకి వెళ్లక మునుపే మనము "దాచాను" అనుకొందుము. అనేక ఫోనులలో "వైఫై ఉన్నప్పుడు మాత్రమే పంపవలెను" అని ముందుగానే పెట్టి ఉండును. మన ఇండ్లలో వైఫై లేదు గనుక అది నెలల తరబడి అట్లే ఎదురుచూచును. ఈ లోపల ఫోను నీళ్లలో పడినయెడల ఫోటో రెండు చోట్లా ఉండదు. గనుక సెట్టింగులలో మొబైల్ డేటాతో కూడ పంపుటకు అనుమతి ఇవ్వండి, లేదా నెలకొకసారి వైఫై ఉన్న బంధువుల ఇంట కూర్చొని పూర్తిగా పంపండి.

కంప్యూటరులో ఫైలు సైజు సున్న అని ఉన్నా, రెండు బాణములు గుండ్రముగా తిరుగుచున్నట్లు గుర్తు ఉన్నా, పని ఇంకను పూర్తి కాలేదని అర్థము. సగము దిగిన ఫైలు కూడ తెరుచుకొనదు. దానిని తీసివేసి, క్లౌడ్ నుండి మరల పూర్తిగా దింపుకొనవలెను. క్లౌడ్‌లో ఉన్న అసలును మాత్రము ముట్టవద్దు.

3. చీటీ ఎవరి పేరున ఉన్నది?

మేము చూచినంతలో ఎక్కువ కష్టములు ఇక్కడనే. ఫోను కొన్నప్పుడు షాపువారు ఒక జీమెయిలు చేసి ఇచ్చెదరు. కాలేజీలో ఒకటి, అన్నయ్య చేసి ఇచ్చినది ఇంకొకటి. కాగితము ఒకదానిలో, వెదకుట వేరొకదానిలో. తెర మీద కుడి ప్రక్క పైన గుండ్రని బొమ్మ నొక్కినయెడల ఏ ఖాతాలో ఉన్నామో తెలియును. "రిక్వెస్ట్ యాక్సెస్" అని వచ్చినయెడల ఫైలు ఉన్నది గాని ఆ ఖాతాకు అనుమతి లేదని అర్థము. ముందు మీ మరియొక ఖాతాతో చూడండి. ఫైలు వేరొకరిదైతే, వారినడిగి అనుమతి పొందవలెను.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. కాలేజీవారు ఇచ్చిన ఖాతా కాలేజీవారిదే. చదువు ముగిసిన తరువాత దానిని మూసివేయు కాలేజీలు ఉన్నవి. ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు అందులో దాచినవారు ఆఖరి పరీక్షకు ముందే సొంత ఖాతాకు మార్చుకొనవలెను.

4. తాళము సరియైనదేనా?

కొన్ని ఫైళ్లు పూర్తిగా దిగినవి, ఖాతా సరియైనదే, అయినను తెరుచుకొనవు. వాటికి వేరు తాళము కావలెను.

ఆధార్ వెబ్‌సైటు నుండి దింపుకొన్న ఆధార్ పి.డి.ఎఫ్. పాస్‌వర్డ్ అడుగును. అది ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి 4 ఇంగ్లీషు పెద్ద అక్షరములు, దాని ప్రక్కన పుట్టిన సంవత్సరము. సురేష్ అను పేరుతో 1990లో పుట్టినవారికి ఎస్, యు, ఆర్, ఇ అను అక్షరములు, వెంటనే 1990. మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు వచ్చును గనుక, ఆధార్‌లో ఇంటిపేరు ముందు అచ్చయి ఉన్నయెడల ఇంటిపేరు అక్షరములే వేయవలెను. ఈ చిన్న సంగతి తెలియక ఆధార్ కేంద్రము చుట్టూ తిరిగినవారు ఉన్నారు.

విదేశములో ఉన్న పిల్లలు ఐఫోనుతో తీసి పంపిన ఫోటోలు మన కంప్యూటరులో కొన్నిసార్లు రావు. 2017 నుండి ఐఫోనులు హెచ్.ఇ.ఐ.సి. అను పద్ధతిలో ఫోటోను దాచుచున్నవి. పాత కంప్యూటర్లకు అది తెలియదు. ఫోటో చెడలేదు. "జె.పి.జి.గా మార్చి పంపు నాయనా" అని పిల్లవానిని అడిగిన చాలును.

గూగుల్ డాక్స్‌లో వ్రాసినదానిని కంప్యూటరు ఫోల్డరులోనుండి పెన్‌డ్రైవ్‌లోనికి కాపీ చేసికొని వెళ్లువారు కూడ మోసపోవుచున్నారు. ఆ ఫోల్డరులో ఉన్నది విలాసము మాత్రమే, వ్రాత అంతయు గూగుల్ యొద్ద ఉన్నది. బ్రౌజరులో ఆ వ్రాతను తెరిచి, "డౌన్‌లోడ్" అనుచోట పి.డి.ఎఫ్.గా గాని వర్డ్ ఫైలుగా గాని దింపి, దానిని పెన్‌డ్రైవ్‌లో వేసికొనవలెను.

ఇక మన తెలుగు కష్టము ఒకటి ఉన్నది. శుభలేఖలు, కూటముల కరపత్రములు, పాటల పుస్తకములు మన డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకరులో చేయించుట అలవాటు. ఆ ఫైలును క్లౌడ్‌లో దాచి మరియొక కంప్యూటరులో తెరిచినయెడల తెలుగుకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. "వైరస్ పట్టినది" అని తుడిచివేయువారు ఉన్నారు. అది వైరస్ కాదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములో తెలుగు బొమ్మలు పెట్టుకొన్నవి. ఫాంటు లేని కంప్యూటరులో బొమ్మ పోయి అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరము బయటపడును. పేజ్‌మేకరుకు 2001లో వచ్చిన 7.0 తరువాత కొత్త వర్షను రాలేదు గనుక దానిని తెరుచు కంప్యూటర్లు కూడ తగ్గిపోవుచున్నవి. ఎక్కడనైనను ఒకే విధముగా కనబడు యూనికోడ్ పద్ధతిలో 1991 నుండి తెలుగునకు స్థానము ఉన్నది. డి.టి.పి. చేయించువారు డబ్బు ఇచ్చునప్పుడే ఒక పి.డి.ఎఫ్., వీలైతే యూనికోడ్‌లో వ్రాత కూడ అడిగి తీసికొనవలెను. ముప్పది సంవత్సరముల పాటల పుస్తకము ఒక ఫాంటుతో పోగొట్టుకొనవద్దు.

ఇంకొక చిన్న సంగతి. ఫైలు పేరులో ప్రశ్నార్థకము, నక్షత్రము, రెండు చుక్కల గుర్తు ఉన్నయెడల విండోస్ కంప్యూటరు ఒప్పుకొనదు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకొంటూ పేర్లు చాలా పొడుగు చేసినా తెరుచుకొనదు. పేర్లు చిన్నవిగా, సంవత్సరముతో సహా పెట్టుట మేలు.

5. గోదాము నిండినదా? చీటీ పాతబడినదా?

గూగుల్ వారు ఉచితముగా ఇచ్చు స్థలము 15 జి.బి. అందులోనే ఉత్తరములు, ఫైళ్లు, 2021 జూన్ 1 నుండి పైకి వెళ్లిన ఫోటోలు లెక్కకు వచ్చుచున్నవి. 2024 నుండి ఆండ్రాయిడ్ ఫోనులలో వాట్సాప్ బ్యాకప్ కూడ అందులోనే లెక్క. అనుదినము వచ్చు శుభోదయము బొమ్మలు, వీడియోలు గోదామును నింపుచున్నవని గ్రహించండి. వన్‌డ్రైవ్‌లో ఉచితము 5 జి.బి. మాత్రమే. నిండిన తరువాత కొత్త సరుకు లోపలికి పోదు. పాత ఫోటో కనబడుచున్నది గనుక కొత్తది కూడ ఉన్నదనుకొందుము, కాని ఉండదు.

మరియు 2 సంవత్సరములు ముట్టని గూగుల్ ఖాతాను, అందులోని వాటితో సహా, తీసివేయుటకు ఆ కంపెనీవారు నియమము చేసికొన్నారు. 2023 డిసెంబరు నుండి అది అమలులో ఉన్నది. పాత ఫోనులోని ఖాతా, చనిపోయినవారి ఖాతా మరచిపోయినయెడల అందులోని ఫోటోలు శాశ్వతముగా పోవచ్చును. సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములు ఖాతాలోనికి వెళ్లి ఒక ఫైలు తెరిచి చూచుట మరువకుడి.

తొందరపాటు పనులు

కంప్యూటరులో తెరుచుకొననప్పుడు మొదట చేయవలసిన పని ఒకటే. బ్రౌజరులో ఆ కంపెనీ వెబ్‌సైటుకు వెళ్లి అదే ఫైలును తెరిచి చూడండి. అక్కడ తెరుచుకొన్నయెడల సరుకు క్షేమము, దారి మాత్రము బాగుచేసికొనవలెను. అక్కడ కూడ లేనియెడల "ట్రాష్" అను చెత్తబుట్టలో చూడండి. గూగుల్ డ్రైవ్‌లోను, సొంత వన్‌డ్రైవ్ ఖాతాలోను తుడిచినది 30 దినములు అక్కడ ఉండును.

ఖాతాను విడదీయుట, ప్రోగ్రామును తీసివేసి మరల వేయుట, ఫోల్డర్లు తుడుచుట మాత్రము మొదటనే చేయకూడదు. 2023 నవంబరులో కంప్యూటరులో గూగుల్ డ్రైవ్ వాడుచున్న కొందరికి ఇటీవలి నెలల ఫైళ్లు కనబడకుండా పోయినవి. ఆ ప్రోగ్రాము 84వ వర్షనులో వచ్చిన లోపమది. అప్పుడు గూగుల్ వారు చెప్పిన మొదటి మాట, ఖాతాను విడదీయవద్దు, ప్రోగ్రాము దాచుకొన్న ఫోల్డరును తుడిచివేయవద్దు అని. ఏలయనగా పైకి చేరని ఫైళ్లు ఇంకను ఆ కంప్యూటరులోనే ఉన్నవి. తరువాత వచ్చిన కొత్త వర్షనులో వాటిని తిరిగి తెచ్చుకొను సాధనము ఇచ్చారు. ఓపిక పట్టినవారికి అది ఉపయోగపడినది.

ఇంటర్నెట్‌లో "కస్టమర్ కేర్" అని కనబడిన ప్రతి నంబరుకు ఫోను చేయవద్దు. ఓ.టి.పి. అడిగినా, మీ ఫోను వారికి కనబడునట్లు ఒక యాప్ వేసికొనమన్నా వెంటనే ఫోను పెట్టివేయండి. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరుకు చెప్పవలెను.

ఒక్క గోదామును నమ్ముకొనవద్దు

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరములో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రము అగ్నికి ఆహుతి అయినది. ప్రభుత్వ ఉద్యోగులు తమ కాగితములు దాచుకొన్న జి-డ్రైవ్ అనునది అందులో కాలిపోయినది. 858 టెరాబైట్ల సమాచారము. దానికి వేరొక చోట నకలు లేదు. అంత ధనిక దేశములో, అంత తెలివిగలవారు కూడ నకలు పెట్టుకొనలేదు. కోల్డ్ స్టోరేజీ తగలబడినప్పుడు చీటీ పట్టుకొని వాకిట నిలుచున్న రైతు మొగము మనకు తెలియనిది కాదు.

గనుక ముఖ్యమైన ప్రతి కాగితము మూడు చోట్ల ఉండవలెను. క్లౌడ్‌లో ఒకటి, ఇంటిలో పెన్‌డ్రైవ్‌లో గాని కంప్యూటరులో గాని ఒకటి, అచ్చు తీసి బీరువాలో ఒకటి. ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకర్ కూడ మంచిది. ఆయా శాఖలవారే అందులోనికి పంపిన పత్రములకు అసలుతో సమానమైన విలువ చట్ట నిబంధనలలో ఉన్నది. మనము ఫోటో తీసి అందులో ఎక్కించిన కాగితమునకు మాత్రము ఆ విలువ లేదు. ఈ భేదము గుర్తుంచుకొనండి.

సంఘ పెద్దలకు ఒక మాట. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మనము వ్రాయు వివాహ రిజిస్టరు చట్టపరమైన కాగితము. ఎక్కడో విదేశములో భార్యాభర్తలు కలిసి ఉండుటకు వీసా దానిమీద ఆధారపడవచ్చును. ఫోటోలు తీసి క్లౌడ్‌లో దాచుట మంచిదే. కాని "క్లౌడ్‌లో ఉన్నది కదా" అని అసలు రిజిస్టరును చెదలకు వదలివేయవద్దు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఒక్క యౌవనస్థుని ఫోనులో మాత్రమే ఉండకూడదు. అతడు ఉద్యోగము కొరకు బెంగుళూరు వెళ్లినయెడల సంఘము యావత్తు వాకిట నిలుచును.

తాళపుచెవి ఎవరి యొద్ద?

చివరగా అన్నిటికంటె బరువైన సంగతి. మన ప్రాంతములో ఒక సహోదరి భర్త హఠాత్తుగా మరణించాడు. కౌలు కాగితము, బాకీల లెక్క, పిల్లల చిన్ననాటి ఫోటోలు అన్నీ ఆయన ఫోను ద్వారా క్లౌడ్‌లో పెట్టాడు. ఫోను తాళము గాని పాస్‌వర్డ్ గాని ఇంటిలో ఎవరికిని చెప్పలేదు. భూస్థాపన ముగిసిన మూడవ వారములో అప్పులవారు వచ్చి నిలిచినప్పుడు, తీర్చిన బాకీలను చూపించుటకు ఆమె చేతిలో ఒక్క కాగితము లేదు. ఫోను మాత్రము చేతిలోనే ఉన్నది. "అయ్యగారూ, ఆయన ముఖం ఇందులోనే ఉంది, నాకు కనబడటం లేదు" అని ఆమె అన్న మాటకు మా యొద్ద జవాబు లేకపోయినది.

గూగుల్‌లో దీనికి 2013 నుండి ఒక ఏర్పాటు ఉన్నది. దాని పేరు ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్. ఖాతా 3 నెలల నుండి 18 నెలలలో మనము చెప్పినంత కాలము కదలక ఉన్నయెడల, మనము ముందే పేర్లిచ్చిన 10 మంది వరకు మన ఫైళ్లు అందచేయుదురు. బ్రతికి ఉన్నప్పుడే దానిని అమర్చవలెను. అది చేతకాని యెడల, ఒక చిన్న నోటుపుస్తకములో ఖాతా పేరు, పాస్‌వర్డ్, ఫోను తాళము వ్రాసి పొలము పత్రములతో కలిపి బీరువాలో పెట్టి, భార్యకు చెప్పండి. పొలము పత్రములు ఎక్కడ ఉన్నవో భార్యకు చెప్పిన భర్త, ఫోను తాళము చెప్పుటకు సందేహించుట ఎందుకు?

ప్రియ కుటుంబ పెద్దలారా, వచ్చే ఆదివారము మధ్యాహ్నము భోజనమైన తరువాత పిల్లలను కూర్చోబెట్టుకొనండి. మీ ఇంటికి ముఖ్యమైన 5 కాగితములు ఏవో అనుకొని, ఒక్కొక్కటి తెరిచి చూపించమనండి. తెరుచుకొనినవి అచ్చు తీయించండి. తెరుచుకొననివాటికి పైన చెప్పిన ప్రశ్నలు వరుసగా అడగండి. అరగంట పని. ఆఖరు దినమున నెట్ సెంటరులో కన్నీరు కార్చుటకంటె, ఆదివారము అరగంట ఇంటిలో కూర్చొనుట సుఖము.